పిలుపు అందని కణాలు

భద్రాచలం
2023 డిసెంబర్

దోస్త్ బాబూరావుకు,

సలాం. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నా ఫోను సగం రోజు షాపు బల్ల మీదే ఉంటుంది. రిపేరుకొచ్చిన కుట్టుమిషన్ల ఫొటోలూ, వాటి తాలూకు మనుషుల నంబర్లూ అన్నీ అందులోనే. అబ్బా తీస్తాడు, అమ్మీ తీస్తుంది. ఈ సంగతి మెసేజ్‌లో పెట్టలేను. మాట్లాడదామంటే నా గొంతు ఎలాంటిదో నీకు తెలుసు. అబ్బా కోసం కొత్తవాళ్లు ఫోను చేసి, "అమ్మా, గౌస్ సాబ్ ఉన్నరా?" అంటారు. ఇరవై ఏడేళ్లొచ్చాయి, ఇంకా అమ్మానే.

మొన్న సత్తుపల్లి నుంచి పిల్లనిచ్చేవాళ్లు వచ్చారు. నేనే చాయ్ తీసుకెళ్లి ఇచ్చాను. పిల్ల మేనమామ కప్పు అందుకుని, "పిల్లగాడేడి? ఇంకా వస్తలేడేంది?" అన్నాడు. "నేనే" అన్నాను. ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపుకున్నాడు, అది ఇంకా కష్టంగా అనిపించింది. వాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు.  మర్నాడు అబ్బా బాగున్న మిషన్‌ను విప్పి, నూనె వేసి, బిగించి, మళ్లీ విప్పుతూ కూర్చున్నాడు.

ఖమ్మం హాస్టల్లో మన రూములో ఉన్నప్పుడు నాకు పేరు పెట్టి ఏడిపించనివాడివి నువ్వొక్కడివే. అందుకే నీకు రాస్తున్నాను. గడ్డం లేదు, మీసం లేదు. ఆ సంగతి ఊరంతా చూస్తుంది. ఊరికి కనపడనివి కూడా పదేళ్ల పిల్లాడివిలాగే ఉన్నాయి. ఈ ఒక్క మాట రాయడానికి ఎన్ని కాయితాలు చింపానో. వైద్యమంటే ఏదో చేయించుకున్నానులే. బలానికి టానిక్కు తాగాను, తావీజు కట్టుకున్నాను. ఏమీ మారలేదు.

నువ్వు ఎలుకల వృషణాల మీద పరిశోధన చేస్తున్నావని మొదటిసారి చెప్పినప్పుడు నేనే ఎక్కువ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నేనేమిటో నువ్వు చెప్పగలవా?

ఇంకో తమాషా. పోయిన వారం వంటింట్లో సిలిండర్ పైపు కారుతోందట. నేను దాని పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. అమ్మీ వీధిలోంచి పరుగెత్తుకొచ్చి, "నీ ముక్కు చచ్చిందారా!" అని వీపు మీద ఒక్కటిచ్చింది. అల్లా దయ, బతికాం.

సోనీ భాబీకి సలాములు.

నీ
అద్నాన్

*

హైదరాబాదు
2024 జనవరి

అద్నాన్,

నీ ఉత్తరం నవ్వడానికి రాసింది కాదని మొదటి పేజీలోనే తెలిసింది. అయితే నన్ను కుర్చీలోంచి లేపింది చివర్లో తమాషా అని రాసిన ముక్క.

ఒకసారి వేసవిలో మా తండాకు వచ్చావు, గుర్తుందా? ఇప్పపూలు రాలే రోజులు. తండా చుట్టూ అడవంతా ఆ వాసనే. "తల తిరుగుతున్నది గదా?" అని మా యాడి, అదే మా అమ్మ, అడిగింది. అవ్ అని నువ్వు తలూపావు. హాస్టల్లో ఓ రోజు అన్నం మాడి వరండా అంతా కంపు కొట్టింది. నువ్వు పుస్తకం చదువుకుంటూనే ఉన్నావు. నిజం చెప్పు. నీకు ఎప్పుడైనా, దేనిదైనా వాసన వచ్చిందా?

ఎందుకు అడుగుతున్నానో విను. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు కొన్ని నాడీకణాలు ముక్కు దగ్గర పుడతాయి. వాసన నరాల దారి పట్టుకుని మెదడులోకి నడిచిపోతాయి. పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, "ఇక పిల్లాణ్ని పెద్దవాణ్ని చెయ్యండి" అని మెదడు కింద ఉన్న గ్రంథికి చెప్పాల్సినవి అవే. కొద్దిమందిలో ఆ దారి సరిగా పడదు. వాసనా ఉండదు, ఆ కణాలూ చేరాల్సిన చోటికి చేరవు. నీది అదే అని నేననడం లేదు. నేను డాక్టర్ని కాను, గాజు పళ్లెంలో ఎలుక కణాలను పెంచేవాణ్ని. కానీ చూపించుకోవాలి. ఖమ్మంలో హార్మోన్ల డాక్టరు ప్రమీల గారున్నారు, ఆవిడ దగ్గరికి వెళ్లు. ఆడ డాక్టరని వెనక్కి రాకు. ముక్కు సంగతి మొట్టమొదట చెప్పు.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడగను. ఇలాంటివి చెప్పుకోవడానికి మగవాళ్లకు మాటలెవరు నేర్పారు?

ఇక్కడ అంతా మామూలే. సోని బాగుంది. ములకలపల్లి దగ్గర ఆశ్రమ పాఠశాలకు బదిలీ అయ్యాక మా అమ్మానాన్నల దగ్గరే తండాలో ఉంటోంది. వీలైనప్పుడల్లా వెళ్లొస్తున్నాను.

బాబూ

*

భద్రాచలం
2024 ఫిబ్రవరి

బాబూ,

రాలేదు. ఒక్కసారీ రాలేదు. ఈ లోకంలో వాసన అనేది జనమంతా కలిసి ఆడే ఆటేమో అనుకునేవాణ్ని చిన్నప్పుడు. బిర్యానీ మూత తీస్తే అందరూ ఆహా అనేవాళ్లు, నేనూ ఆహా అనేవాణ్ని. అత్తరు పూస్తే కళ్లు మూసుకునేవాణ్ని. అది నాకొక్కడికే లేదని తెలిసేసరికి చెప్పుకునే వయసు దాటిపోయింది. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని ఎవరు కలగన్నారు?

ఖమ్మం వెళ్లాం. అబ్బా కూడా వస్తానన్నాడు. డాక్టరు గారికి ముందు ముక్కు సంగతి చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసి, "ఇది మీకెవరు చెప్పమన్నరు?" అని అడిగింది. ఎలుకల దోస్త్ అన్నాను. తర్వాత పరీక్ష. ఆవిడ దగ్గరొక పూసల దండ ఉంది. కోడిగుడ్డు ఆకారం పూసలు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా. జపం చేసుకునే తస్బీ అనుకున్నాను. అది వృషణాల కొలతట! ఒక చేత్తో నన్ను చూస్తూ ఇంకో చేత్తో పూసలు తడుముతుంటే గోడ మీది క్యాలెండర్‌లో పండగలన్నీ చదివేశాను. మొదట్లోనే, చిన్న పూసల దగ్గరే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

రక్తం తీశారు. తలకు స్కానింగ్ తీశారు. నువ్వన్నదే. మెదడులో వాసనకు ఉండాల్సిన బుడిపెలు నాకు ఏర్పడలేదట. తల నుంచి కిందికి దిగాల్సిన, నువ్వు పని చేసే ఆ రెండు హార్మోన్లూ ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి.

అబ్బా అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివరికి గొంతు సవరించుకుని, "అమ్మా, ఒక్క మాట. మా పిలగాడు మొగోడేనా?" అన్నాడు. నేను నేల వైపు చూశాను. డాక్టరు గారు, "పుట్టుకతోనే మొగోడు, గౌస్ గారూ. పైనుంచి రావలసిన హార్మోను రాలేదు. మనం ఇద్దాం" అంది. అబ్బా బయటికొచ్చి రెండు చాయ్‌లు చెప్పాడు. నాకిస్తాడనుకున్నాను. రెండూ ఆయనే తాగేశాడు.

ఇప్పుడు రెండు దారులట. ఒకటి, టెస్టోస్టెరానే ఇంజెక్షన్‌గా తీసుకోవడం. గడ్డం, గొంతు, కండ అన్నీ వస్తాయి, కానీ పిల్లలు పుట్టే వీలుండదు. పిల్లలు కావాలనుకుంటే తర్వాతైనా రెండో దారికి మారవచ్చు. రెండోది, వారానికి కొన్నిసార్లు వేరే ఇంజెక్షన్లు, ఏడాది, రెండేళ్లు. అయినా ఖాయంగా చెప్పలేమంది. అమ్మీకి గడ్డం జల్దీ రావాలి. నాకేమో అర్థం కావడం లేదు. టెస్టోస్టెరాన్ లేకపోవడమే జబ్బయినప్పుడు అది ఇస్తే పిల్లలెందుకు పుట్టరు? నువ్వు చెప్తే గానీ ఏదీ ఒప్పుకోను.

అద్నాన్

*

హైదరాబాదు
2024 ఫిబ్రవరి

అద్నాన్,

నీ ప్రశ్న మా పరీక్షల్లో ఇస్తే సగంమంది తప్పు రాస్తారు. నాకు భలే సంతోషమేసింది. కాస్త పాఠం చెప్తాను, ఓర్చుకో.

వృషణంలో సన్నటి గొట్టాలు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. గొట్టాల మధ్య సందుల్లో ఒక రకం కణాలుంటాయి, వాటిని లేడిగ్ కణాలంటారు. గొట్టాల లోపల గోడ వెంట ఇంకో రకం, సెర్టోలి కణాలు. మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి, పిట్యూటరీ, రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఎల్.హెచ్. వెళ్లి లేడిగ్ కణాలను తడుతుంది, అవి టెస్టోస్టెరాన్ చేస్తాయి. ఎఫ్.ఎస్.హెచ్. వెళ్లి సెర్టోలి కణాలను తడుతుంది. తడుతుందని ఎందుకన్నానంటే, ఈ రెండూ కణం లోపలికి పోవు. కణం పైపొర మీద వాటి కోసమే ఉన్న గ్రాహకాలను పట్టుకుంటాయి, అక్కడి నుంచి కబురు లోపలికి పాకుతుంది. టెస్టోస్టెరాన్ తీరు వేరు. అది పొర దాటి నేరుగా లోపలికే పోతుంది.

అన్నిటికన్నా వింత ఇది. వీర్యకణాలుగా మారాల్సిన కణాలు ఈ హార్మోన్ల మాట నేరుగా వినలేవు. వాటి తరఫున వినేది సెర్టోలి కణం. విని, వాటిని ఒడిలో పెట్టుకుని, తినిపించి, పెద్దచేసి పంపుతుంది. అందుకు ఎఫ్.ఎస్.హెచ్. పిలుపు కావాలి, వృషణం లోపలే తయారైన టెస్టోస్టెరాన్ దండిగా కావాలి. లోపల ఉండే మోతాదు రక్తంలో ఉండేదానికి ఎన్నో రెట్లు. బయటి నుంచి సూదితో ఇచ్చింది గడ్డానికి చాలుతుంది, గొంతుకు చాలుతుంది, ఆ గొట్టాల లోపలికి మాత్రం చాలదు. పైగా ఎఫ్.ఎస్.హెచ్. పిలుపు లేనే లేదు.

నీ రెండో దారిలో ముందు హెచ్.సి.జి. ఇస్తారు. అది ఎల్.హెచ్. లాగే లేడిగ్ కణాలను తడుతుంది. మామూలుగా అది గర్భిణుల ఒంట్లో ఉండే హార్మోను (మీ అమ్మీకి చెప్పకు). కొన్ని నెలల తర్వాత ఎఫ్.ఎస్.హెచ్. కలుపుతారు.

ఏది ఎంచుకుంటావో నీ ఇష్టం. ఒక్కటి మాత్రం నమ్ము. నీ కణాలు చచ్చిపోలేదు, చెడిపోలేదు. వాటికి పిలుపు అందలేదు, అంతే. ఇరవై ఏడేళ్లుగా అలాగే కూర్చుని ఉన్నాయి.

మా యాడి నిన్ను అడిగింది. సోని బాగానే ఉంది.

బాబూ

*

భద్రాచలం
2024 జూన్

బాబూ,

రెండో దారే పట్టాను. పిల్లల కోసమని కాదు, అప్పటికి ఆ ఆలోచనే లేదు. బయటి నుంచి తెచ్చుకున్న గడ్డం కాకుండా నా ఒళ్లు చేసుకున్న గడ్డం కావాలనిపించింది. అమ్మీ కొన్నాళ్లు అలిగింది. ఇప్పుడు ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ల డబ్బాకు ఎవరూ చెయ్యి తగిలించకుండా కాపలా కాస్తోంది. పొట్ట మీద నేనే పొడుచుకుంటాను. కుట్టుమిషను సూదులు మార్చే చెయ్యి గదా, వణకదు.

మొటిమలొచ్చాయి! ఈ వయసులో! అబ్బా కస్టమర్ల ముందు, "మావోడికి మొటిమలు" అని చెప్పుకుంటున్నాడు, ఇంజనీరింగు సీటొచ్చినట్టు. పైపెదవి మీద నీడ పడింది. గొంతు ఎప్పుడెటు పోతుందో తెలియదు. ఒక మాట మొదలుపెట్టేటప్పుడు అమ్మనైతే, ముగించేసరికి మామనవుతున్నాను. కోపం కూడా వస్తోంది. ఊరికే వస్తోంది. రాత్రుళ్లు వేరే సంగతులున్నాయి, అవి నీకు తెలుసు, నాకే కొత్త. డాక్టరు ప్రమీల పూసల దండ మీద ముందుకు జరిగింది. ఇంకా వాసన రాలేదు, రాదట. పర్వాలేదు.

ఇప్పుడు రాయబోయేది నీకు నచ్చదు.

పోయిన సోమవారం సోనీ భాబీ మా షాపుకొచ్చింది. గిరిజన సంక్షేమ ఆఫీసులో పనుండి వచ్చి, మీ అమ్మ కుట్టుమిషను తలకాయను గోనెసంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. నేను గుర్తుపట్టలేదు, బాబూ. అంత చిక్కిపోయింది. అమ్మీ లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిని పెరట్లోకి పరుగెత్తి కక్కుకుంది. అమ్మీ ఇంకోలా అనుకుని సంతోషంగా అడిగితే భాబీ ఏడ్చిందట. ఏవో వేర్ల కషాయం పొద్దున్నే తాగిస్తున్నారట, కడుపు పండటానికి. మెడలో ఒకటి, చేతికొకటి దారాలు. మీ నాన్న తరఫు పిల్లనెవరినో నీకు రెండోదానిగా తెస్తారని తండాలో మాట నడుస్తోందట. పెళ్లయి ఆరేళ్లయింది గదా అంటున్నారట. మొదటి మూడేళ్లు హైదరాబాదులో నీ దగ్గరే ఉన్నా కడుపు పండలేదు గదా అంటున్నారట.

"మీ ఆయన చూపించుకున్నడా?" అని అమ్మీ అడిగితే, "ఆయనకేం అమ్మా, ఆయన చదివేదే అది" అందట.

నువ్వు రాసిన ప్రతి ఉత్తరం మళ్లీ తీసి చూశాను. సోని బాగుంది, సోని బాగానే ఉంది. నన్ను ఆ పూసల దండ ముందుకు పంపినవాడివి నువ్వు. నువ్వు ఎప్పుడు చూపించుకున్నావు, బాబూ?

అద్నాన్

*

హైదరాబాదు
2024 జూలై

అద్నాన్,

నీ వైద్యం బాగా సాగుతున్నందుకు సంతోషం. ఒంట్లో కొత్తగా హార్మోను పెరిగితే కోపం, తొందరపాటు సహజం. ఉత్తరంలో అవే కనపడ్డాయి.

నా భార్య సంగతి, నా తండా సంగతి నేను చూసుకోగలను. సోనికి పరీక్షలన్నీ చేయించాను. నాకు పని ఒత్తిడి ఉంది, థీసిస్ ఉంది. నువ్వు నీ ఇంజెక్షన్ల తేదీలు చూసుకో.

బాబూరావు

*

భద్రాచలం
2024 అక్టోబర్

బాబూ,

నీ ఉత్తరానికి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు ఆగాను. రాసినందుకు బాధపడటం లేదు. నిన్ను బాధపెట్టినందుకు బాధపడుతున్నాను. రెండూ ఒకటి కాదని నీకు తెలుసు.

మీ అమ్మ మిషను బాగైంది. భాబీ వచ్చి తీసుకెళ్లింది. నేనేమీ అడగలేదు, ఆవిడేమీ చెప్పలేదు. ఆగస్టు నుంచి నాకు ఎఫ్.ఎస్.హెచ్. కూడా మొదలుపెట్టారు. నువ్వు చెప్పిన ఒడి సంగతి గుర్తొస్తోంది.

ఆ డాక్టరు గదిలో గోడ వైపు చూస్తూ నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు. నువ్వు పిలిస్తే నీతో వచ్చి బయట బల్ల మీద కూర్చుంటాను. ఏమీ మాట్లాడను.

నీ
అద్నాన్

*

ములకలపల్లి దగ్గర, తండా నుంచి
2025 జనవరి

అద్నాన్,

నిన్ను పిలవలేదు. సోని వచ్చింది.

నీ అక్టోబరు ఉత్తరం చాలా రోజులు సంచిలో మోశాను. నాకేం భయమో నాకే తెలియదనుకునేవాణ్ని. తెలుసు. మా ల్యాబులో మైక్రోస్కోపు ఉంది, నాకు చూడటం వచ్చు. ఒక పొద్దున చూసుకుంటే అయిపోయేది. ఏళ్లుగా చూసుకోలేదంటే ఏం కనపడుతుందో అనుమానం ఉన్నట్టే గదా.

వీర్యంలో ఒక్క కణమూ లేదు. రక్తం పరీక్ష చేస్తే టెస్టోస్టెరాన్ సరిగానే ఉంది, ఎఫ్.ఎస్.హెచ్. మాత్రం చాలా ఎక్కువ. అది చదవడానికి నాకు డాక్టరు అక్కర్లేదు. ఒడిలో పిల్లలుంటే సెర్టోలి కణం, "ఇక చాలు, వింటున్నాం" అని మెదడుకు కబురు పంపుతుంది. నా దగ్గర నుంచి ఆ కబురు సరిగా వెళ్లడం లేదు. మెదడు ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా పిలుస్తోంది. నీకు పిలుపు రాలేదు, ఇంట్లో అందరూ ఉన్నారు. నాకు పిలుపు వస్తూనే ఉంది, పెంచుకోవడానికి ఇంట్లో పిల్లలే లేరు.

ఒక్కోసారి ఏదో మూల కాసిన్ని ఉంటాయని ఆపరేషన్ చేసి వెతికారు. దొరకలేదు. ఆ ముక్క స్లైడును నన్ను చూడనివ్వమన్నాను. వద్దన్నారు, బతిమాలితే చూపించారు. గొట్టాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. గోడ వెంట సెర్టోలి కణాలు వరుసగా నిలబడి ఉన్నాయి, నేను రోజూ పెంచేవే. వాటి మధ్య బీజకణం ఒక్కటంటే ఒక్కటి లేదు. అది ఇంకెవరి స్లైడన్నా అయితే, ఎంత స్పష్టంగా ఉందో, పాఠం చెప్పడానికి దాచిపెట్టుకుందాం అనేవాణ్ని. పుట్టుకతోనే లేవో, మధ్యలో పోయాయో చెప్పలేమన్నారు. మందు లేదు. ఎన్ని సూదులు పొడిచినా పెరగడానికి అవి ఉండాలి గదా.

సోని ఏమందో రాయను. అది మా ఇద్దరిది.

నిన్న తండాలో చెప్పాను. నాన్న జైరాం, యాడి, నాన్న తరఫు పెద్దమనుషులు ఇద్దరు, రెండో పిల్ల మాట ఎత్తడానికే కూర్చున్నారు. సోని పక్కింట్లోకి వెళ్తానంటే వద్దు, ఇక్కడే కూర్చో అన్నాను.

"లోపం సోనిది కాదు. నాది. ఇంకో పదిమందిని తెచ్చినా నాకు పిల్లలు పుట్టరు" అన్నాను.

నాన్న నవ్వాడు. "నీకేం లోపంరా? మీసం లేదా? గొంతు లేదా? దున్నపోతు లెక్క ఉన్నవ్."

"మీసం తెచ్చే కణాలు వేరు, పిల్లల్ని పెంచే కణాలు వేరు నాన్నా. మొదటివి మంచిగున్నయ్. రెండోవాటి దగ్గర బీజాలే లేవు. ఆపరేషన్ చేసి చూసిండ్రు. నేను కూడా కళ్లార చూసిన."

"డాక్టర్లు గట్లనే అంటరు. పట్నం తిండితోటి గిట్లయింది. ఆర్నెల్లు ఇక్కడుంటే సక్కగైతవ్."

"అవ్, నేను చదువుకున్నది గిదే నాన్నా. నేనే చెప్తున్న."

 పెద్దమనుషుల్లో ఒకాయన చుట్ట వెలిగించబోయి మానేశాడు. యాడి సోని వైపు చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్లి సోని ముందు కూర్చుంది. చేతికున్న దారం ముడి గోళ్లతో లాగింది, రాలేదు. వంగి పంటితో కొరికింది. మెడలోది కూడా కొరికి తెంపింది. "నేను తాగించిన. ఎన్ని దినాలు తాగించిన..." అంది. అంతే. నాతో నిన్నటి నుంచి మాట్లాడటం లేదు. కోపమో, సిగ్గో, నా మీద జాలో తెలియదు. పొద్దున రొట్టెలు చేసి ముందు సోనికి పెట్టింది.

ఈ మాట రెండేళ్ల కింద చెప్పాల్సింది అని రాత్రి సోనితో అన్నాను. "చెప్పినవ్ గదా" అంది. నీ జూన్ ఉత్తరం దాచాను. జూలైలో నేను రాసింది నీ దగ్గరుంటే చింపెయ్.

నీ
బాబూ

*

భద్రాచలం
2025 ఆగస్టు

బాబూ, భాబీ,

నా నికాకు మీరిద్దరూ వచ్చి వెళ్లిన తర్వాత ఇదే మొదటి ఉత్తరం. ఇప్పుడు ఫోనులో మాట్లాడటానికి నాకేమీ ఇబ్బంది లేదు, అయినా ఇదే అలవాటైపోయింది.

ఈసారి గోదారి మమ్మల్ని బాగా తిప్పలు పెట్టింది. రెండో ప్రమాద హెచ్చరిక మైకులో చెప్పేసరికి నీళ్లు మా సందు మొదట్లోకి వచ్చాయి. షాపులో ఉన్న మిషన్లు చాలావరకు పైకి చేర్చాం. అబ్బాకు నడుము నొప్పి, "నేను మోస్త" అంటాడు, మొయ్యలేడు. నేనూ జెబా ఇద్దరమే మోశాం. ఒక్కోటీ ఎంత బరువో నీకు తెలుసు. జెబా ఒక్కసారి కూడా ఆగుదామనలేదు. పెళ్లికి ముందు వాళ్ల నాన్నకు నా జబ్బు సంగతంతా చెప్పిన రోజు, ఆయన లోపలికి వెళ్లి కూతుర్నే అడిగాడు గదా. తనేమందో నాకు మొన్నే చెప్పింది. "దాచనోడు దొరికిండు, ఇంకేం చూడాలె?" అందట.

నీళ్లు తీసిన తర్వాత బురద. గోడల మీద గీత పడింది. కరెంటు మోటారు మిషన్లు రెండు తడిచిపోయాయి. అమ్మీ బియ్యం డబ్బా పైకి ఎక్కించడం మర్చిపోయి అందర్నీ తిట్టింది. పునరావాస కేంద్రంలో రెండు రోజులున్నాం. అక్కడ ఒక ముసలాయన ఊరంతటికీ పాత వరదల కథలు చెప్పాడు, అవన్నీ రాస్తే ఇంకో ఉత్తరమవుతుంది. ఇప్పుడు ఎండ కాస్తోంది. సామానంతా వీధిలో ఆరబెట్టాం.

మీ అమ్మానాన్నలకు నమస్కారాలు. వాగులు పొంగితే దాటొద్దు.

నీ
అద్నాన్

*

ములకలపల్లి దగ్గర, తండా నుంచి
2025 సెప్టెంబర్

అద్నాన్,

వరద గురించి రెండు పేజీలు రాశావు. బియ్యం డబ్బా గురించి రాశావు. పునరావాస కేంద్రంలో ముసలాయన గురించి కూడా రాశావు. ఆగస్టులో డాక్టరు ప్రమీల గారు వీర్యం పరీక్ష చేస్తారని నీ పెళ్లిలో నువ్వే నాకు చెప్పావు. దాని గురించి ఒక్క ముక్క లేదు.

ఫలితం బాగాలేకపోతే నాకు చెప్పేవాడివి. మొట్టమొదట నాకే చెప్పేవాడివి. చెప్పలేదంటే బాగుందన్నమాట.

ఒరే, నువ్వు దాచింది నా కోసమని నాకు తెలుసు. కానీ ఈ వార్త నాకు రావాల్సిన వార్త. ఆ కణాల కోసం నేను ఏళ్లు ఖర్చుపెట్టాను. గాజు పళ్లెంలో ఎలుక సెర్టోలి కణాల మీద ఎఫ్.ఎస్.హెచ్. వేసి, అవి కదులుతాయా లేదా అని కళ్లు కాయలు కాచేలా చూశాను. అవి నిజంగా ఒక మనిషిలో, ఇరవై ఏడేళ్లు పిలుపు లేకుండా కూర్చున్న తర్వాత, పిలవగానే లేచి పని మొదలుపెట్టాయంటే, అది నా స్నేహితుడిలో జరిగిందంటే, నేను వినొద్దా? ఎన్ని కనిపించాయి? కదులుతున్నాయా? కొద్దిగానే ఉన్నా చాలు. నీలాంటి వాళ్లకు కొద్దివాటితోనే పిల్లలు పుట్టారు. జెబాకు చెప్పు, ఇంజెక్షన్లు మధ్యలో మాననివ్వొద్దు.

మా సంగతి. దత్తతకు పేర్లు ఇచ్చాం. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు, చాలామంది వరుసలో ఉన్నారట. నాన్న ఇంకా గొణుగుతున్నాడు. యాడి మాత్రం ఆడపిల్లయితే బాగుంటుందంటోంది. థీసిస్ ఇచ్చేశాను. సెలవు పెట్టి వచ్చాను, ఈ నెలంతా ఇక్కడే.

దసరా సెలవుల్లో మీ ఇద్దరూ రండి. పిల్లాడో పిల్లో పుడితే ముందు నాకు ఫోను చెయ్యి. ఉత్తరం కాదు. ఫోను.

నీ
బాబూ

అద్నాన్ అన్నా, నేను సోనిని. ఉత్తరం అంటించమని నాకిచ్చి బయటికి పోయిండు. ఏం రాసిండో నేను చదివిన. ఇప్పుడు నీళ్ల తొట్టి కాడ నిలబడి ముఖం కడుక్కుంటున్నడు. కడుక్కుంటనే ఉన్నడు, లోపలికి వస్తలేడు. ఆయన రాసిందంతా నిజమే అన్నా, సంతోషమే. సంతోషం కూడా ఉన్నది. మీరు భయపడి రాకుండ ఉండకుండ్రి. జెబాను తీసుకొని రండి.